రెప్పలు చూసిన సారు

శ్రావణం, మంగళవారం. పొద్దున్నుంచి ముసురు. బర్రెను పిండి, కొట్టంలో నిలిచిన నీళ్లు ఎత్తిపోశాను. పాలు తీసుకుని సారు ఇంటికి బయలుదేరుతుంటే వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. సారు నిద్రలోనే పోయారట.

రోజూ చేసిన పని రాసుకోవడమే నా అలవాటు. మనుషుల గురించి రాయలేదు. ఆయన్ను ఎరుగని మీకు నాలుగు మాటలు చెప్పాలని ఇవాళ కూర్చున్నాను.

సారు భౌతికశాస్త్రం చదివి, నరాల మీద పరిశోధన చేసిన మనిషి. రిటైరయ్యాక, విమానాశ్రయం పక్కనున్న మా తొండుపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. సాయంత్రాలు మా చేని గట్టున కూర్చునేవారు. విమానం తల మీదుగా పోతే వేలెత్తి ఆగేవారు. చప్పుడు సద్దుమణిగాక, ఆగిన పదం నుంచే మళ్లీ మొదలుపెట్టేవారు. బడి ఏడో తరగతిలో మానేసిన నాకు, ఆ గట్టే బడి.

రెండు వేళ్లను తాకీతాకనట్టు పెట్టి చూపేవారు. "నరం నరాన్ని తాకదయ్యా. మధ్యలో ఖాళీ. ఇవతల కంటికి కనపడని సంచులు పగులుతాయి. వాటిలోని రసాయనం అవతలికి ఈదుతుంది. మన మాటా నడకా అన్నీ ఆ ఈతే." ఒక్క సంచి పగిలితే పుట్టే కరెంటును కొలవడానికే వయసంతా సరిపోయిందని నవ్వేవారు. వింటుంటే చుట్టూ జొన్నచేను కూడా ఏదో చెప్పుకుంటున్నట్టు ఉండేది.

మూడేళ్ల కిందట వానల్లో మా అన్న చేని గుడిసెలో నేల మీద పడుకుని, పొద్దున తూలుతూ ఇంటికొచ్చాడు. రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. కల్లు ఎక్కువైందనుకున్నాం. "పండుకోనియ్యి, దిగినంక లేస్తడు" అని వదిన దుప్పటి కప్పింది. ఇంకా పాలు రాలేదని వచ్చిన సారు గుమ్మంలోనే ఆగి, అన్న రెప్పల వైపే చూశారు.

"ఇది కల్లు కాదు, కట్లపాము. కాటు నొప్పి కూడా తెలియదు. విషం నరాల కొసల్లో ఆ సంచులను ఖాళీ చేస్తుంది. కారు తీస్తాను, పట్టండి."

దవాఖాన చేరేసరికి అన్నకు ఊపిరి అందడం లేదు. మిషన్ పెట్టారు. ఆ తర్వాత రెప్ప లేదు, వేలు లేదు, ఏదీ కదల్లేదు. మనిషి లేడు, మిషనే ఆడుతోందని వదిన గోడకు ఒరిగి ఏడ్చింది.

సారు నన్ను పక్కకు పిలిచారు. "విషం మెదడు దాకా పోదు. మీ అన్న అంతా వింటూనే ఉంటాడు. నరాల కొసలు మళ్లీ చిగురించేదాకా మాట్లాడుతూ ఉండు."

నాకు మాటలు రావు. ఏం మాట్లాడాలని అడిగాను. ఇవాళ ఏం పని చేశావో అదే చెప్పమన్నారు. అన్న చెవి దగ్గర వంగి, వంగతోటకు నీళ్లు కట్టానని, బర్రె ఈనిందని చెప్పాను. ఆ రోజులు నీళ్లలో నడిచినట్టు గడిచాయి. ఐదో నాడు రెప్ప అంచు వణికింది.

మిషన్ తీసి, గొంతు పెగిలాక అన్న నన్ను అడిగిన మొదటి మాట: "బర్రె ఈనిందంటివి. పెయ్యనా, దున్ననా? గదొక్కటి చెప్పకపోతివి."

వదిన ఏడుస్తూనే నవ్వింది. ఇంకేం విన్నావని సారు మంచం మీదికి వంగారు.

"తమ్ముడు ఇంటికి పోయినప్పుడు మీరు పాట పాడిండ్రు సారూ. గొంతు జర బాగలేదు."

ఎవరూ వినలేదనుకున్నారేమో, సారు చెవులు ఎర్రబడ్డాయి. వాళ్లమ్మ పాడిన జోలపాటట. మళ్లీ పాడమంటే పాడలేదు.

ఇవాళ సారును తీసుకెళ్తుంటే పాడె కింద ముందు భుజం అన్నదే. ముసురులో నడుస్తూ ఏదో రాగం తీస్తున్నాడు; నేను వినని ఆ జోలపాటే అయ్యుండాలి. పాటలోని మాటలు అన్నకు సరిగ్గా రావు. సారు ఎక్కడెక్కడ శ్రుతి తప్పారో, అక్కడక్కడే తప్పుతూ పోతున్నట్టుంది.