మీటరు మీద గుడ్డ

మా పెద్ద బావ ఇరవై ఏడేళ్ళుగా మీటరు టాక్సీ నడుపుతున్నాడు. పొద్దున్నే ముందు మీటరు తుడిచి, దాని సీలు ఒకసారి తడిమి చూసుకుంటే గానీ సీట్లో కూర్చోడు. కార్ల సీటు కవర్లు కుట్టే నా కొట్టు టాక్సీ స్టాండుకు ఎదురుగానే ఉంది కాబట్టి, ఇది రోజూ చూసేదే.

మనిషికి ఏ జబ్బూ లేదు, ఒక్క కడుపుమంట తప్ప. తన తమ్ముణ్ణి, అంటే మా చిన్న బావను చూస్తే చాలు, అది భగ్గుమంటుంది. చిన్న బావది ఫోన్లో పిలిస్తే వచ్చే కారు. వాన పడితే దాని రేటు రెండింతలు, జనం ఎగబడితే మూడింతలు. ఆ కారుకు కవర్లు నేనే కుట్టానని పెద్ద బావ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

"ప్రభుత్వం పెట్టిన రేటు మీద నేను దమ్మిడీ ఎక్కువ అడగకూడదు. వాడికి మాత్రం మబ్బు పడితే పండగే. జనం కూడా ఆ ఫోన్ను తిట్టుకుంటూనే ఎక్కుతారు. నా మీటరు ఒక్క అంకె తిరిగితే నన్ను దొంగను చూసినట్టు చూస్తారు" అనేవాడు. అది మాత్రం నిజమే.

అలా చూడనిది ఒక్క నర్సమ్మే. నర్సు ఉద్యోగం నుంచి రిటైరైనా, ప్రతి మంగళవారం కంటి ఆసుపత్రికి పదకొండేళ్ళుగా బావ బండిలోనే వెళ్ళేది. "రేటు ప్రభుత్వం చూసుకుంటుంది, దారి ఈయన చూసుకుంటాడు" అనేది. ఆ మాట బావ నాకు వందసార్లు చెప్పి ఉంటాడు.

ఒక మంగళవారం వాన దంచి కొట్టింది. చిన్న బావ స్టాండు పక్కన కారాపి, అద్దం దించి, "అన్నయ్యా, ఇవాళ మూడింతలు" అన్నాడు. పొగరుతో కాదు, సంతోషం పట్టలేక. పెద్ద బావ ముఖం మాడిపోయింది. తుడుచుకునే గుడ్డ తీసి మీటరు మీద కప్పాడు. మా స్టాండులో అలా కప్పితే బండి అద్దెకు లేదని గుర్తు. అన్నానికి వెళ్ళేటప్పుడు తప్ప బావ ఏనాడూ కప్పలేదు.

అంతలో నర్సమ్మ గొడుగు వేసుకుని వచ్చింది.

"ఇవాళ మీటరు లేదమ్మా. ఆ ఫోన్ కార్లకిచ్చేదే నాకూ ఇవ్వండి" అన్నాడు.

ఆవిడ తలుపు మీది చెయ్యి తీసేసింది. రోడ్డు దాటి నా కొట్లోకి వచ్చి, "నీ ఫోన్లో ఒక కారు పిలువు బాబూ" అంది.

"మూడింతలు చూపిస్తోందమ్మా. బావ అడిగిందీ అంతే కదా."

"ఈ ఫోన్ ఇంతేనని అందరికీ తెలుసు. ఆయన ఇలా కాదనే కదా ఇన్నేళ్ళూ ఎక్కాను."

పిలిస్తే దగ్గర్లో ఉన్న కారే వచ్చింది. చిన్న బావదే. అది మలుపు తిరిగేదాకా చూసి, పెద్ద బావ గుడ్డ తీసి మీటరు తుడిచాడు.

తర్వాతి మంగళవారం ఎండ కాసింది. బావ ఆవిడ కోసం ముందే వెనక తలుపు తెరిచి నిలబడ్డాడు. ఆవిడ తిన్నగా నా కొట్టుకే వచ్చింది. కారు పిలిచాను. ఆ రోజు ఫోన్లో రేటు మీటరు కంటే తక్కువే ఉంది. ఆ సంగతి బావకు నేను ఇప్పటికీ చెప్పలేదు. ఆవిడ తన మీద కోపంతోనే రావడం లేదని, అది తగ్గితే మళ్ళీ తన బండే ఎక్కుతుందని ఆయన నమ్మకం.