నవ్విన వాళ్ళనే అడగమన్న ఫ్రెంచి అత్తయ్య

నా చిన్నప్పుడు, రాయపూర్‌లో హిందీ బడికి వెళ్తున్న రెండో ఏడాది, నేను మాట్లాడడం మానేశాను. ఇంట్లో కాదు. ఇంట్లో అమ్మ విసుక్కునేదాకా వాగుతూనే ఉండేదాన్ని. బడి గేటు దాటితే మాత్రం నోరు పెగిలేది కాదు.

మాది శ్రీకాకుళం వైపు. నాన్న రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు కావడంతో డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో క్వార్టరు ఇచ్చారు. మన తెలుగులో అమ్మ వచ్చింది, రైలు వచ్చింది, మేక వచ్చింది, అన్నిటికీ ఒకటే మాట సరిపోతుంది. హిందీలో అలా కుదరదు. రైలుకీ, రొట్టెకీ, పుస్తకానికీ కూడా ఆడో మగో తేల్చాలి. ఒకరోజు నా పుస్తకం పోయిందని చెప్పడానికి క్లాసులో లేచి నిలబడి ‘మేరా కితాబ్ ఖో గయా’ అన్నాను. హిందీలో పుస్తకం ఆడదట. ‘మేరీ’ అనాలి, ‘ఖో గయీ’ అనాలి. క్లాసంతా గొల్లుమంది. ముందు బెంచీ పిల్ల ఒకతె అయితే ఆ ముక్కని పాటలా కట్టి, నేను కనిపించినప్పుడల్లా పాడేది. ఆ తర్వాత పుస్తకమే కాదు, ఏం పోయినా నేను చెప్పలేదు.

పెద్ద టీచరుగారు నాన్నని పిలిపించారు. పిల్లకి బుర్ర లేదేమోనని, ఇలాగే ఉంటే పై క్లాసుకి పంపలేమని చెప్పారు. నాన్న ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, “దీన్ని అమ్మమ్మ దగ్గర దింపేసి వస్తాను. అక్కడ తెలుగు బడిలో చదువుకుంటాది” అన్నారు. కంచంలో అమ్మ చెయ్యి అలాగే ఉండిపోయింది. నన్ను పంపేస్తారన్న సంగతి నాకు అర్థమైంది కానీ, దానికి విరుగుడు నా నోట్లోనే ఉందని తెలిసీ నోరు రాలేదు.

మా వరసలో చివరి క్వార్టరులో ఒక క్రిస్టియన్ కుటుంబం ఉండేది. ఆయన వర్క్‌షాపులో ఫోర్‌మన్. ఆయన చెల్లెలు ఊళ్ళో కాలేజీలో ఫ్రెంచి పాఠాలు చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. రోజూ ఇస్త్రీ చీర కట్టుకుని రిక్షాలో వెళ్ళేవారు. పిల్లలమంతా ఫ్రెంచి అత్తయ్య అనేవాళ్ళం. వాళ్ళది యానాం. అది ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న రోజుల్లో ఆవిడ వాళ్ళ బడిలోనే చదువుకున్నారట. దొరలు వెళ్ళిపోయాక చుట్టాలంతా ఇంకా ఆ భాష దేనికని అంటే, పాండిచ్చేరి వెళ్ళి అదే భాషలో పెద్ద చదువు చదివి వచ్చారట. ఆ రోజుల్లో కాలేజీలో ఆడ లెక్చరర్లే తక్కువ. ఫ్రెంచి చెప్పే ఆడమనిషిని అంతకు ముందు ఆ కాలేజీ చూసి ఉండలేదు.

అమ్మ వెళ్ళి ఆవిడ దగ్గర ఏడ్చిందని తర్వాత తెలిసింది. మర్నాడు మధ్యాహ్నం బడి లేదు. ఫ్రెంచి అత్తయ్య మా గుమ్మం ముందు రిక్షా ఆపి, “పిల్లని నాతో పంపండి. సాయంత్రం తెచ్చి దింపుతాను” అన్నారు. ఎక్కడికో ఎందుకో చెప్పలేదు.

కాలేజీలో నన్ను ఆఖరి బెంచీలో కూర్చోబెట్టారు. నా చుట్టూ మీసాలొచ్చిన అబ్బాయిలు, చున్నీలు సర్దుకునే అమ్మాయిలు. అందరూ పుట్టినప్పటి నుంచీ హిందీ మాట్లాడేవాళ్ళే. అత్తయ్య ఒక్కొక్కరినీ లేపి, ‘నా పుస్తకం ఎక్కడుంది?’ అని ఫ్రెంచిలో అడగమన్నారు. పొడుగాటి అబ్బాయి ఒకడు లేచి చెమటలు తుడుచుకుంటూ ‘మా లీవ్ర్’ అన్నాడు. అత్తయ్య తల అడ్డంగా ఊపారు. ఫ్రెంచిలో పుస్తకం మగదట. ‘మోఁ లీవ్ర్’ అనాలట. వెనకాల కూర్చున్న ఇంకో అబ్బాయి కిసుక్కుమన్నాడు. అత్తయ్య కోప్పడలేదు. నవ్వినవాణ్ణే లేపి, ఎలా అనాలో మొదటివాడికి నేర్పమన్నారు. వాడు నేర్పాడు, వీడు నేర్చుకున్నాడు. ఇద్దరూ కూర్చున్నారు. ఆ గదిలో అందరికీ పుస్తకం దగ్గరే కాలు జారుతోంది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

తిరుగుదారిలో గుఢియారీ దగ్గర రైల్వే గేటు పడింది. రిక్షా ఆగిపోయింది. అత్తయ్య అప్పుడు ఆ కాలేజీలో తన మొదటి రోజు సంగతి చెప్పారు.

ఆవిడ క్లాసులోకి అడుగుపెట్టగానే ఒక విద్యార్థి లేచి, ప్రొఫెసర్ సాబ్ ఎప్పుడొస్తారని అడిగాడట. ఆవిణ్ణి చూస్తూనే అడిగాడట. ఆవిడ హిందీ అప్పటికి నా హిందీ లాంటిదే. “ప్రొఫెసర్ ఆ గయా” అన్నారట. ప్రొఫెసర్ వచ్చేశాడు అన్నట్టు. క్లాసు గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ అడిగిన కుర్రాడే.

“మరి మీరేం చేశారు అత్తయ్యా?” అన్నాను.

“ఏడుపొచ్చింది. మింగేసుకుని, నువ్వు నవ్వావు కదా బాబూ, అయితే ఎలా అనాలో నీకు తెలుసన్నమాట, చెప్పు అన్నాను. వాడు లేచి నిలబడి, ‘ప్రొఫెసర్ ఆ గయీ హైఁ, మేడమ్’ అన్నాడు. నేను ప్రొఫెసర్నని వాడి నోటితోనే వాడు చెప్పాల్సొచ్చింది.”

గూడ్సు బండి ఒకటి నెమ్మదిగా పోతోంది. ఆ చప్పుడు తగ్గేదాకా ఆగి, నా వైపు తిరిగారు. “చూడు తల్లీ, నవ్వినవాళ్ళకి సరైన మాట తెలుసు. నీకు కావలసింది వాళ్ళ దగ్గరుంది. నోరు మూసుకుని ఇంటికొచ్చేస్తే అది అక్కడే ఉండిపోతుంది. అడిగి తెచ్చుకో.”

మర్నాడు హిందీ పిరియడ్‌లో నేనే చెయ్యెత్తాను. ఏదో చెప్పబోయి మళ్ళీ తప్పే చెప్పాను. నవ్వారు. ముందు బెంచీ పిల్ల వైపు తిరిగి, “తో కైసే బోలనా?” అన్నాను, మరి ఎలా అనాలి అన్నట్టు. ఆ పిల్ల నవ్వు సగంలో ఆగిపోయింది. అలా ఎవరూ అడుగుతారనుకోలేదు కాబోలు. నెమ్మదిగా, సరిగ్గా చెప్పింది. నేను తిరిగి అన్నాను. అంతే, ఆ రోజు అద్భుతమేమీ జరగలేదు. చాలాకాలం తప్పులు వస్తూనే ఉన్నాయి. కానీ ఆ పిల్ల నా పక్కకి మారి కూర్చుంది, తప్పు వినపడగానే మోచేత్తో పొడిచి దిద్దేది. పరీక్షలయ్యాక నాన్న శ్రీకాకుళం టిక్కెట్లు మా అందరికీ తీశారు. సెలవులకి వెళ్ళి, అందరం కలిసే తిరిగొచ్చాం.

ఫ్రెంచి అత్తయ్య ఆ కాలేజీలోనే పెద్ద ప్రొఫెసర్ అయ్యి, ఆ శాఖకంతటికీ పెద్దయ్యి రిటైరయ్యారు. ఆవిడ దగ్గర చదివినవాళ్ళు ఎక్కడెక్కడో ఫ్రెంచి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం ఆ భాషలో ఆ ఒక్క పుస్తకం ముక్క తప్ప ఏమీ రాదు. అయినా ఆవిడ శిష్యుల్లో నన్నూ ఒకదాన్నిగా లెక్కవేసుకుంటాను.

నేను నర్సునయ్యాను. రాయపూర్ దగ్గర ఆరంగ్ ఆసుపత్రిలో వేసినప్పుడు, పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళ ఛత్తీస్‌గఢీ భాష నాకు సరిగా వచ్చేది కాదు. ఒకసారి పురిటి నొప్పులు పడుతున్న పిల్ల ఒకతె, నేనేదో ధైర్యం చెప్పబోతే, ఆ బాధలోనూ ఫక్కున నవ్వింది. ఆమె చెయ్యి పట్టుకుని, మరి మీ ఊళ్ళో ఏమంటారమ్మా అని అడిగాను. నొప్పికీ నొప్పికీ మధ్య ఆ పిల్ల నాకు మాటలు నేర్పింది. బిడ్డ పుట్టేసరికి ఇద్దరం స్నేహితులమైపోయాం.

ఈ వయసులో కూడా నా మాటకి ఎవరైనా నవ్వితే ముందు గుండె ఒక్కసారి కలుక్కుమంటుంది. అది పోలేదు. ఆ వెంటనే వాళ్ళ దగ్గరికి ఒక అడుగు వేసి అడుగుతాను. ఆ అడుగు నాకు నేర్పింది మా ఫ్రెంచి అత్తయ్య.