క్రీజు ముందు కుడిపాదం

ఆ గ్రౌండ్‌లో ఆమెను అందరూ రోలరమ్మ అంటారు. కన్నవాళ్లు ముచ్చటపడి పెట్టిన పేరు హాజరు పుస్తకంలోనే ఉండిపోయింది. మనిషి చూస్తే పిడికెడంత. టన్నున్నర రోలర్ ఎక్కి కూర్చుందంటే మాత్రం ఆ గడ్డికీ ఆ మట్టికీ ఆమె మాటే శాసనం. బూట్లతో పిచ్ మీదికి వచ్చినవాడు క్లబ్బు అధ్యక్షుడైనా సరే, చుట్టూ తిరిగి పొమ్మంటుంది. అది కూడా నలుగురూ వినేలా అంటుంది. పన్నెండేళ్ల కిందట రోజుకూలిగా చేరిన మనిషి ఇప్పుడు పిచ్ తయారుచేసే పనికి పెద్ద. చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపితే చాలు, బంతి ఎంత లేస్తుందో చెప్పేస్తుంది. ఇంత నోరున్న మనిషి గొంతులో పదకొండేళ్లుగా ఒక్క మాట ఇరుక్కుపోయి ఉంది. ఈ కథ ఆ మాట గురించే.

చలి తగ్గుముఖం పడుతున్న రోజుల్లో పరాయి దేశపు ఆడవాళ్ల జట్టు పర్యటనకు వచ్చింది. వన్డేలు వేరే ఊళ్లలో జరిగిపోయాయి. నాలుగు రోజుల టెస్ట్ మ్యాచ్ రోలరమ్మ గ్రౌండ్‌కు దక్కింది. ఆడవాళ్లకు టెస్ట్ దొరకడమే అపురూపం. అందుకే ఆమె పదిహేను రోజులు ఒళ్లు దాచుకోకుండా కష్టపడి ఆ ఇరవై రెండు గజాల నేలనూ అద్దంలా చేసిపెట్టింది.

మొదటి రోజు తెల్లవారుతూనే ఇంట్లో ఒక వింత జరిగింది. రెండో అంతస్తులోని ఆ రెండు గదుల్లో ఉండేది ఆమె, ఆమె చెల్లెలు, ఇద్దరే. చెల్లెలు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. కుడి మోకాలు వంగదు. కాలు ఈడ్చుకుంటూ, గోడ పట్టుకుంటూ నడుస్తుంది. ఆ వేళ మాత్రం రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు పట్టుకుని వంటగదిలోంచి వచ్చేసింది.

“గోడ పట్టుకోలేదేంటే?” అంది రోలరమ్మ.

“ఏమోనక్కా. ఇవాళ కాస్త తేలిగ్గా ఉంది” అంటూ చెల్లెలు తన కాలిని తనే కొత్తగా చూసుకుంది.

ఆ సంతోషంతో గ్రౌండ్‌కు వెళ్లి పిచ్ మీది కవర్లు తీయించిన రోలరమ్మకు పెవిలియన్ వైపు క్రీజు ముందు గుంట కనిపించింది. ఒక్క పాదం పట్టేంత గుంట. ముందురోజు సాయంత్రం తన చేతులతో చదును చేసి, సున్నం గీత గీసి కప్పిన చోటు అది. తీసేదాకా కవర్ల మీద మంచు చెదరలేదు. అంచుల మీది ఇసుక మూటలు అంగుళమైనా జరగలేదు. కాపలావాడు కన్ను మూయలేదని ఒట్టేశాడు.

ఏళ్ల తరబడి బౌలర్ల అడుగులు పూడ్చేవాళ్లకు ఏ అడుగు ఎవరిదో చేతిరాతను పోల్చుకున్నట్టు తెలిసిపోతుంది. ఇది ఎడమచేతి ఫాస్ట్ బౌలర్ కుడిపాదం పడే చోటు. మడమ లోతుగా దిగింది. వేళ్లు కొంచెం బయటికి తిరిగాయి. వెనక ఎడమ బొటనవేలు ఈడ్చిన గీత కొడవలిలా వంగింది. అలా అడుగు వేసే మనిషి లోకంలో ఒక్కతే, ఆ ఒక్కతీ ఇంట్లో టీ గ్లాసులు కడుగుతోంది.

పదకొండేళ్ల కిందట, విదేశీ పర్యటనకు జట్టును ఎంపిక చేసే మ్యాచ్‌లో, చెల్లెలు బంతి వేయబోతూ సరిగ్గా ఇక్కడే కూలిపోయింది. మోకాలు మెలితిరిగి, లోపల కీలును పట్టి ఉంచే లిగమెంట్లు తెగిపోయాయి. పరుగు అదుపు తప్పిందన్నారు. ఆడపిల్లకు అంత వేగం ఎందుకన్న మహానుభావులూ ఉన్నారు. అసలు సంగతి రోలరమ్మకు తెలుసు. ఆ ఉదయం అక్కడున్న గుంటలో తడి బంకమట్టి నింపి దిమ్మిసతో గట్టిగా కొట్టమని అప్పటి మేస్త్రీ చెప్పాడు. చెల్లెలు వేసే మొదటి బంతి చూడాలన్న ఆత్రంలో ఆమె పొడిమట్టి పోసి, కాలితో సర్ది, పైన సున్నం గీసేసి బౌండరీ దగ్గరికి పరుగెత్తింది. పైకి చక్కగా కనిపించింది. కాలు పడగానే మట్టి దిగిపోయింది. ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, చెల్లెలికి అసలే చెప్పలేదు.

ఇప్పుడు మాత్రం పొరపాటు చేయలేదు. మట్టి తడిపి, నింపి, దిమ్మిస కొట్టింది. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి చెల్లెలు మళ్లీ గోడ పట్టుకుని ఉంది.

“పొద్దున ఆరింటిదాకా బాగానే ఉందక్కా. ఉన్నట్టుండి బిగుసుకుపోయింది.”

ఆరింటికే తను దిమ్మిస ఎత్తింది. రోలరమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

రెండో రోజు పొద్దున చెల్లెలు రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లు దిగి పాలు తెచ్చింది. గ్రౌండ్‌లో గుంట ఇంకా లోతుగా ఉంది. మట్టి అప్పుడే తొక్కినట్టు పచ్చిగా ఉంది. పూడిస్తే సాయంత్రానికి మళ్లీ కుంటడమే. మూడో రోజు రోలరమ్మ గుంటను సగమే నింపింది. మధ్యాహ్నం ఫోన్ చేస్తే, కాలు సగమే బిగుసుకుందని చెల్లెలు చెప్పింది. ఇక అనుమానం ఎందుకు?

పూడ్చకుండా వదిలేస్తే పోలా అనుకుంది. ఆ పక్కన కాలు పెట్టే బౌలర్ ఎవరూ లేరు. అతిథి జట్టులో ఎడమచేతి ఫాస్ట్ బౌలర్ ఒక్క పిల్ల ఉంది గానీ, మూడు రోజులూ అవతలి వైపు నుంచే వేసింది. పంతొమ్మిదేళ్లుంటాయేమో, మొదటి పర్యటన. తొలిరోజే ఎవరూ చెప్పకుండా బూట్లు చేత్తో పట్టుకుని గడ్డి మీదికి వచ్చి, ‘నడవొచ్చా’ అన్నట్టు సైగ చేసింది. రోలరమ్మ ఒక మనిషికి మెత్తగా తలూపడం పనివాళ్లు చూసింది అప్పుడే.

మూడో రోజు ఆట ముగిశాక అంపైర్ ఆ గుంట దగ్గర వంగి చూశాడు.

“ఏమ్మా, ఇటు ఎవరూ కాలే పెట్టలేదు కదా. ఇదెలా పడింది?”

“మట్టి కుంగిందండీ” అంది రోలరమ్మ.

“రేపు వాళ్ల ఎడమచేతి అమ్మాయి ఈ వైపు నుంచే వేస్తుందట. గాలి మారిందిగా. పొద్దున్నే గట్టిగా పూడ్పించండి.”

నాలుగో రోజు ఆమె నిద్ర లేచేసరికి చెల్లెలు మంచం మీద లేదు. కింద మెట్ల మీద దబదబా అడుగులు. రెండేసి మెట్లు ఎక్కుతోంది, దిగుతోంది, తనలో తనే నవ్వుకుంటోంది. ఆ నవ్వు విని పదకొండేళ్లయింది. రోలరమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ముఖం చూపించలేక, చెల్లెలు డాబా మీదికి ఎక్కిన సందు చూసుకుని, టీ కూడా తాగకుండా గ్రౌండ్‌కు వెళ్లిపోయింది.

పనివాళ్లు ఇంకా రాలేదు. తెలతెలవారుతోంది. కవరు అంచు పట్టుకుని వంగినప్పుడు వెనక బౌండరీ వైపు నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. మొదట మెల్లగా, తర్వాత వడివడిగా. చెల్లెలి పద్నాలుగు అడుగుల పరుగు. ఆ లెక్క ఆమెకు నోటికి వచ్చు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. గడ్డి మీద మంచు మంచులాగే ఉంది. చప్పుడు ఆమెను దాటిపోయింది. క్రీజు దగ్గర ధన్‌మని నేల అదిరింది. కళ్లముందే, ఎవరూ తొక్కని కవరు పాదమంత మేర లోపలికి దిగిపోయింది.

కవరు లాగింది. గుంట చీలమండ లోతు ఉంది. రోలరమ్మ మట్టి తడిపింది, దిమ్మిస ఎత్తింది, దించలేకపోయింది. కొడితే చెల్లెలి కాలు పోతుంది. కొట్టకపోతే ఆ పిల్ల మోకాలు పోతుంది. మళ్లీ పైపైన కప్పేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాగానే తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఏంటక్కా, చెప్పకుండా వచ్చేశావ్?”

చెల్లెలు. పదకొండేళ్లలో ఈ గేటు దాటని మనిషి గడ్డి మీద చకచకా నడుచుకుంటూ వస్తోంది. వచ్చి గుంటను చూసింది. చాలాసేపు చూసింది. ఆ పాదం ఎవరిదో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

“పొడిమట్టి పోశానే” అంది రోలరమ్మ. “ఆ రోజు. నీ మొదటి బంతి చూడాలని తొందరపడ్డాను. దిమ్మిస కొట్టలేదు. నీ కాలు విరగ్గొట్టింది నేనే.”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“కాలు పెట్టగానే. గట్టి మట్టికీ పొడిమట్టికీ తేడా నా పాదానికి తెలీదా?”

“మరి ఎవరికీ చెప్పలేదేంటే!”

“చెబితే నిన్ను గెంటేసేవాళ్లు. నాకెలాగూ ఆట పోయింది. ఇద్దరిలో ఒకళ్లైనా ఈ గడ్డి మీద ఉండాలనుకున్నా.” చెల్లెలి గొంతు గట్టిపడింది. “కానీ నువ్వు చెబుతావని చూశాను. పదకొండేళ్లు చూశాను. ఆ కోపం మాత్రం ఉంది, దాచుకోను.”

దూరంగా పెవిలియన్ మెట్లు దిగి అతిథి జట్టు పిల్ల ఒంటరిగా వచ్చింది. అడుగులు కొలుచుకుంటూ, పరుగు మొదలుపెట్టే చోట సున్నంతో చిన్న గుర్తు పెట్టుకుంటోంది. చెల్లెలు ఆ నడకనే చూస్తూ నిలబడింది.

“ఇటు నుంచి వేసేది ఆ పిల్లేనా?”

“ఆ.”

“దిమ్మిస ఇటివ్వు.”

“వద్దే! ఇది పూడిస్తే నీ కాలు...”

“నువ్వు కొట్టే వేళకే బిగుసుకుపోతోందని నేను లెక్కేసుకోలేదనుకున్నావా? ఇవ్వక్కా.”

తడిమట్టి దోసిళ్లతో నింపి చెల్లెలే కొట్టింది. మొదటి దెబ్బకు పెదవి కొరుక్కుంది. నాలుగో దెబ్బకు కుడికాలు వణికింది. రోలరమ్మ ఆపబోతే, “తడి చాల్లేదు, నీళ్లు పొయ్యి” అని కసిరింది. పదో దెబ్బకు మోకాలు కొయ్యలా బిగిసి నేల మీద కూలబడింది. కూలబడే మిగతా దెబ్బలు కొట్టింది. నేల రాయిలా అయ్యాక, చేతులు పైకి చాచింది. అక్క ఎత్తుకున్నట్టుగా పట్టుకుని రోలర్ షెడ్డు దాకా నడిపించింది.

పది గంటలకు ఆట మొదలైంది. బంతి ఎడమచేతి పిల్లకు ఇచ్చారు. షెడ్డు నీడలో చెల్లెలు కాలు చాపుకుని బల్ల మీద కూర్చుంది. పక్కన రోలరమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. పిల్ల పరుగందుకుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది... పదమూడో అడుగుకు రోలరమ్మ కళ్లు మూసుకుంది. ధన్‌మని నేల అదిరింది.

“కళ్లు తెరువక్కా” అంది చెల్లెలు. “నిలబడింది.”