మరాఠీలో కొట్టిన చప్పట్లు

నా భార్యకు చెప్పాల్సిన ఒక మాటను ఇన్నేళ్లూ చెప్పకుండా దాచాను. మొన్న మా అంగన్‌వాడీకి చిన్నపిల్లలను పరీక్షించే జీపు రాకపోతే ఇంకా దాచేవాణ్ణేమో. మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున, కర్ఖేలి పక్కన మా ఊరు. ఇళ్లలో తెలుగు, బడిలో, ఆఫీసుల్లో మరాఠీ. పక్కింటి పిల్లవాడి వెనక నుంచి డాక్టర్ చప్పట్లు కొట్టి, మరాఠీలో పిలిస్తే వాడు తిరగలేదు. వాడి తండ్రి నవ్వేశాడు. "మా పోరడు తెలుగోడు సాబ్, మరాఠీల పిలిస్తె ఎట్ల తిరుగుతడు?" అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అవి ఒకప్పటి నా మాటలే.

మా అమ్మాయికి రెండేళ్లప్పుడు, అదే గదిలో, ఉడుకుతున్న కిచిడీ వాసన మధ్య నేనూ అలాగే అందరినీ నవ్వించాను. ఆనాటి డాక్టర్ మాత్రం నవ్వలేదు. నాందేడ్ తీసుకెళ్లి చెవులు చూపించమని, ఆలస్యం చేయొద్దని గట్టిగా చెప్పాడు. సోయాబీన్ కోతల కాలం. ఇంటికొచ్చి, అంతా బాగుందన్నాడని నా భార్యకు చెప్పాను. ఎదురుగా నిలబడి చెంబు అడిగితే, నా మొహం చూసి చెంబు తెచ్చే పిల్లకు రోగమేమిటనుకున్నాను. పిల్లకు మాటలు రాకపోయేసరికి మా అమ్మ కోడలి మీద పడింది. "పొద్దుందాక చేన్లనే ఉంటివి. పిల్లతోని మాట్లాడితె కదనే మాటలొచ్చేది!" పాపం ఆమె చేను మానేసి, జొన్నరొట్టెలు కొడుతూ, వెనక కూర్చున్న పిల్లకు రోజూ కథలు చెప్పేది. అవి వినేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

బడి ఈడు వచ్చాక నాందేడ్‌లో పెద్ద డాక్టర్, "ముందే ఎవరూ చెప్పలేదా?" అని అడిగితే, "ఎవలు చెప్పలే సాబ్" అంది నా భార్య. నేను ఫ్యాను వైపు చూశాను. ఇప్పుడు చెవి మిషన్‌తో పిల్ల బాగానే చదువుతోంది. కొత్తవాళ్లు పలకరిస్తే మాత్రం జవాబు కోసం తల్లి మొహం చూస్తుంది.

"చప్పట్లకు తెలుగేంది, మరాఠేంది? రేపే నాందేడ్ పోరా!" అని మొన్న ఆ నవ్వుల మధ్యే పక్కింటతని మీద అరిచాను.

"గింత గుస్సేందన్నా, పోత తియ్" అన్నాడు బిత్తరపోయి.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర నా భార్య అడిగింది. "పరాయి పోరని కోసం నీకేంది గంత కోపం?"

పిల్లకు మాటలు పట్టుబడే ఈడు ఒక్కసారే వచ్చి పోతుంది. తప్పు ఒప్పుకోవడానికి ఎప్పుడైనా వీలుంటుందిలే అని నేను ఇంతకాలం గడిపేశాను.

"మన బిడ్డకు గూడ డాక్టర్ అప్పుడే చెప్పిండు. నేనే నీకు చెప్పలే. అమ్మ నిన్ను తిట్టంగ గూడ నోరు తెరవలే. తప్పు నాది. మాఫ్ చెయ్."