సమాధి పలక మోసిన రోజు

నా చిన్నప్పుడు గోదావరి ప్రతి ఏడూ మా ఇంటికి కొంచెం దగ్గరగా వచ్చేది. మాది నది మధ్యలో ఉన్న లంక. వరదల కాలంలో ఒడ్డు అడుగున మట్టి కొట్టుకుపోయి, పైనున్న నేల పెళ్ళలు పెళ్ళలుగా విరిగి ఏట్లో పడేది. అరటితోటలు పోయాయి, వంగమళ్ళు పోయాయి, ఒకరిద్దరి ఇళ్ళు కూడా పోయాయి. పెద్దవాళ్ళు దాన్ని కోత అనేవారు. వరి కోతల గురించి మాట్లాడినంత మామూలుగానే అనేవారు గానీ, ఆ మాట దగ్గర మాత్రం గొంతు తగ్గించేవారు.

తొంభైల నాటి మాట. నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఆ ఆగస్టులో మా మీద చినుకు కూడా పడలేదు, ఎండ కాస్తూనే ఉంది. కానీ పైన ఎక్కడో కొండల్లో కురిసిన వానకి నది ఎర్రబడి, చెట్లను వేళ్ళతో సహా మోసుకొస్తూ పొంగింది. ఉండుండి దూరంగా ధభీమని చప్పుడయ్యేది. అది వినపడగానే అందరం మాట ఆపేసి, ఎటువైపు ఒడ్డు పడిందో చెవులతోనే వెతికేవాళ్ళం. తర్వాత మళ్ళీ మొదటి మాటలోకి వెళ్ళేవాళ్ళం.

ఆ శనివారం ఉదయం ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని రేడియోలో చెప్పారు. మగవాళ్ళు గేదెల్ని నావల మీద ఏటిగట్టుకి చేర్చే పనిలో పడ్డారు. మా పాస్టరుగారు ఇంకా పడవలు కావాలని అడగడానికి అవతలికి వెళ్ళారు. మా చర్చి కాస్త మెరక మీద ఉండేది కాబట్టి పిల్లలందరినీ అక్కడ చేర్చారు. మమ్మల్ని చూసుకోవడానికి పాస్టరుగారి భార్య ఉన్నారు. ఆవిడని ఊరంతా అమ్మగారు అనే పిలిచేది. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. ఎప్పుడైనా గట్టిగా మాట్లాడటం నేను వినలేదు.

చిన్నపిల్లలు ఏడుపు మొదలెట్టకుండా ఆవిడ పాటలు పాడించారు. తర్వాత మాలో కాస్త పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టి, మీ జీవిత లక్ష్యాలేమిటో ఒక్కొక్కరూ లేచి చెప్పండి అన్నారు. చర్చిలో యౌవనస్థుల కూడికల్లో అది మాకు అలవాటే. ఇంటర్ చదువుతున్న మా పక్కింటి అక్క డాక్టరై పేదలకి వైద్యం చేస్తానంది. మా పెదనాన్నగారి అబ్బాయి కువైట్ వెళ్ళి సంపాదించి ఇక్కడ పెద్ద మేడ చర్చి కట్టిస్తానన్నాడు. వాడి స్నేహితుడు టీచరునవుతానన్నాడు. నా వంతు వచ్చేసరికి నేను, వేలమంది కూర్చున్న సభల్లో మైకు ముందు నిలబడి దేవుని వాక్యం చెప్తానని చెప్పాను. అలా చెప్పడం నాకు చాలా నచ్చింది కూడా.

అమ్మగారు అందరికీ ఆమెన్ అన్నారు. కాసేపు కిటికీలోంచి నది వైపు చూసి, "మంచి కోరికలే. దేవుడు నెరవేర్చాలి. మరి ఈ మధ్యాహ్నం ఏం చేద్దాం?" అన్నారు.

మేం భోజనాల గురించి అడుగుతున్నారనుకున్నాం. ఆవిడ లేచి, మిగతా పిల్లల్ని అక్కడే వంట చూస్తున్న మా అమ్మకి అప్పగించి, మా నలుగురినీ వెంట రమ్మన్నారు. ఎక్కడికో చెప్పలేదు. అరటితోటల వైపు దారి పట్టగానే నాకు అర్థమైంది. అటువైపు ఇక మిగిలింది ఒక్క ఇల్లే.

ఆ ఇల్లు మేమందరం ఒడ్డు మీది తాత అని పిలిచే ముసలాయనది. ఒకప్పుడు ఆయన మా చర్చిలో డోలక్ వాయించేవారట. ఆయన భార్య మంచాన పడ్డప్పుడు అందరూ క్రిస్మస్ పనుల్లో ఉన్నారు. నక్షత్రాలు కట్టడం, నాటకం నేర్చుకోవడం, పాటల సాధన. ఒక్కరూ ఆవిణ్ణి చూడటానికి వెళ్ళలేదు. పండగ వెళ్ళకముందే ఆవిడ పోయింది. ఆయన ఆవిణ్ణి ఏటిగట్టు మీదున్న మా చర్చి సమాధుల దొడ్డికి తీసుకెళ్ళనివ్వలేదు. తన ఇంటి పక్కనే, తన దొడ్లోనే పూడ్చుకున్నారు. ఆ తర్వాత చర్చి గడప తొక్కలేదు. ఆ శనివారం పొద్దున కూడా కుర్రాళ్ళు వెళ్ళి పిలిస్తే కర్ర ఎత్తి తరిమారని చెప్పుకున్నారు. చెప్పాం, వినలేదు, ఇక ఆయన ఖర్మ అని ఊరు వదిలేసింది.

తోటలోకి వెళ్ళేకొద్దీ ఏదో తేడాగా ఉంది. పిట్ట కూత లేదు. కంచె మీద ఒక పాము చుట్టుకుని ఉంది, మేం అంత దగ్గరగా నడిచినా కదల్లేదు. ఇంకాస్త ముందుకి వెళ్ళాక అక్క నా భుజం పట్టుకుని ఆపింది. మా కాళ్ళ ముందు నేల చీలి ఉంది. జానెడు వెడల్పున, తోటకి అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకి. లోపలికి చూస్తే అడుగు కనిపించలేదు. ముసలాయన ఇల్లు ఆ చీలికకి అవతల ఉంది. దాని వెనకాల పెరడు ఉండాల్సిన చోట ఎర్రటి నీళ్ళు పరుగెడుతున్నాయి.

"భయమేస్తే ఇక్కడే ఆగిపోండి. నేనేమీ అనుకోను," అన్నారు అమ్మగారు. అని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని చీలిక దాటారు. మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఎవరు ముందు దాటారో గుర్తులేదు గానీ అందరం దాటాం.

ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేవలేదు.

"పొద్దున్న మగాళ్ళొచ్చెళ్ళారు. ఇప్పుడు పిల్లల్ని తెచ్చారా అమ్మగారండీ?"

"మిమ్మల్ని రమ్మనడానికి రాలేదు బాబాయిగారూ. పిన్నిగారి దగ్గరికి వచ్చాం," అన్నారావిడ.

ఇంటి పక్కన మట్టి దిబ్బ, దాని తలవైపు సిమెంటు పలక ఉన్నాయి. పలక ఆయనే పోసుకున్నారట. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో భార్య పేరు గీశారు. అక్షరాలు వంకర్లు పోయాయి. అమ్మగారు అక్కడ నిలబడి తలమీద ముసుగు సర్దుకున్నారు. ప్రార్థన చేస్తారనుకున్నాను. చెయ్యలేదు. ఆయన వైపు తిరిగి, "ఆవిడ మంచాన ఉన్నప్పుడు మేం రాలేదండి. పండగ పనులున్నాయనుకున్నాం. అప్పుడు రానివాళ్ళు ఇప్పుడెందుకొచ్చారని మీరడిగినా న్యాయమే," అన్నారు.

అంతలో ఇంటి వెనక పెద్ద పెళ్ళ విరిగి పడింది. ఈసారి చప్పుడు చెవుల్లోకి కాదు, అరికాళ్ళలోంచి లోపలికి వచ్చింది. మా పెదనాన్నగారి అబ్బాయి నిశ్శబ్దంగా ఏడవడం మొదలుపెట్టాడు.

"ఇదీ పోద్దండి," అన్నారు ముసలాయన ఆ దిబ్బ చూపించి. "ఏట్లో కలిసిపోయాక, ఆఖరి రోజున ప్రభువు పిలిస్తే మా ఆడది ఎక్కణ్ణించి లేస్తాదండి? అందుకే, పోయేదేదో ఇద్దరం కలిసే పోతాం."

అప్పుడర్థమైంది నాకు, ఆయన పంతం కొద్దీ కూర్చోలేదని. అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ ఆయన్ని ఎందుకు రారని అడగలేదు, రమ్మని మాత్రమే చెప్పారు.

"మట్టిలోంచి లేపేవాడికి నీళ్ళలోంచి లేపడం కష్టమా బాబాయిగారూ? ఆయనేమీ మర్చిపోడు. మర్చిపోయేది మనమే. అందుకని ఈ పలక మేం తీసుకెళ్ళిపోతాం. ఏటిగట్టు మీద సమాధుల దొడ్లో పెట్టుకుంటాం," అని ఆవిడ వంగి, ఆ పలక చుట్టూ మట్టిని చేతులతో తోడటం మొదలుపెట్టారు. మేమూ కూర్చుని తోడాం. ఆయన కాసేపు చూసి, లేచి లోపలికి వెళ్ళి గునపం తెచ్చారు.

"అలాక్కాదు. విరిగిపోద్ది. లెండి అవతలికి."

ఆయనే పలకని కదిలించారు. మేం నలుగురం నాలుగు మూలలా పట్టుకుని లేపాం. చాలా బరువుంది. అమ్మగారు ముందు నడిచారు, ఆయన వైపు తిరిగి కూడా చూడలేదు, రమ్మని ఒక్క మాటా అనలేదు. నాలుగడుగులు వేశాక వెనక నుంచి ఆయన గొంతు వినపడింది. "మెల్లిగా. ఆ మూల కిందకి దించకండి. ఏయ్ పొడుగు కుర్రాడా, నువ్వు కాస్త వంగు." పలక వెనకాలే ఆయన నడిచి వస్తున్నారు. ఆ దిబ్బ వదిలి రానన్న మనిషి, ఆ పలక వదిలి ఉండలేక వస్తున్నారు.

చీలిక దగ్గరికి వచ్చేసరికి అది ముందుకన్నా వెడల్పైంది. ఒక అంచున అరటి చెట్టు వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. పలకతో సహా ఎలా దాటామో చెప్పలేను. దాటాక ఆయన కోసం వెనక్కి చూశాం. ఆయన అవతలే నిలబడి ఇంటి వైపు చూస్తున్నారు. ఎంతసేపు నిలబడ్డారో, అమ్మగారు పిలవలేదు, మమ్మల్నీ పిలవనివ్వలేదు. చివరికి ఆయన గునపం ఊతగా పెట్టుకుని ఇటు అడుగు వేశారు.

మేం చర్చి చేరి పలకని అరుగు మీద దించుతుండగా ఆ శబ్దం వచ్చింది. పరుగెత్తుకుని మెరక చివరికి వెళ్ళి చూశాం. ఇల్లు లేదు. ఇంటి ముందరి కొబ్బరి చెట్టు మాత్రం నిటారుగా నిలబడి ఉన్నది ఉన్నట్టే కిందికి జారిపోతోంది. మట్టలు నీళ్ళలో మునిగేదాకా అది పక్కకి ఒరగనే లేదు. ముసలాయన చూడ్డానికి రాలేదు. అరుగు మీద, పలక పక్కన కూర్చున్నారు.

సాయంత్రం పడవలు వచ్చాయి. పలక బరువుకి పడవ ఆగదని నావవాళ్ళు గొణిగినా అమ్మగారు ఎక్కించారు. మమ్మల్ని అటు తీసుకెళ్ళినందుకు ఊళ్ళో ఆవిడని చాలామంది తిట్టారు. మా అమ్మ ఆ వరద తగ్గేదాకా ఆవిడతో మాట్లాడలేదు. నాకూ పిల్లలు పుట్టాక, మా అమ్మ కోపం తప్పని ఎప్పుడూ అనుకోలేకపోయాను. ఆవిడ చేసింది తప్పనీ అనుకోలేకపోయాను.

తాత ఆ తర్వాత కొన్నేళ్ళు బతికారు. ఆదివారాలు చర్చికి వచ్చేవారు గానీ, చాలాకాలం బయట అరుగు మీదే కూర్చునేవారు. ఎవరో ఒకరు వెళ్ళి ఆయన పక్కన కూర్చునేవాళ్ళం. పోయాక, సమాధుల దొడ్లో, అడుగున ఎవరూ లేని ఆ పలక పక్కనే ఆయన్ని పెట్టాం.

నేను వేలమంది ముందు మైకు పట్టుకోలేదు. నర్సునయ్యాను, రాజమండ్రిలో పనిచేస్తున్నాను. మా చర్చిలో పిల్లలు లేచి లక్ష్యాలు చెబుతుంటే వింటాను, నవ్వను. అవన్నీ కావాలి. కానీ వాళ్ళకి నేను చెప్పేది మాత్రం ఆ సాయంత్రం పడవలో జరిగిందే. నేను అమ్మగారి పక్కన కూర్చుని, "తాత రాకపోతే ఏం చేసేవారండి?" అని అడిగాను. ఆవిడ దగ్గర ధైర్యమైన జవాబేదో ఉంటుందనుకున్నాను.

"తెలీదమ్మా," అన్నారు. "నాకు చాలా భయమేసింది. ఇప్పటికీ వేస్తోంది, చూడు." ఆవిడ చెయ్యి తీసి నా చేతిలో పెట్టారు. చల్లగా ఉంది, వణుకుతోంది.

మా వార్డులో అప్పుడప్పుడు ఎవరూ దగ్గరికి పోవడానికి ఇష్టపడని మనిషి ఒకరు ఉంటారు. రోగం వల్లనో, కోపం వల్లనో, చావు దగ్గరపడటం వల్లనో. ఆ తలుపు ముందు నిలబడ్డప్పుడు ఇన్నేళ్ళ తర్వాత కూడా నా చేతులు వణుకుతాయి. వణకనీ అనుకుని తలుపు తోస్తాను.