మడుగులో దొరికిన కాలి ఎముక

లెస్కాలియే ఊరి పక్క చెరకు తోటలో నేను కూలీల మీద సర్దారుగా ఉన్న రోజుల్లో, మడుగు కాలవ పూడిక తీయిస్తుంటే నల్లటి ఎముక ఒకటి పారకు తగిలింది. కొలిస్తే జానెడు. సాయంత్రానికి మూరెడయింది. మర్నాడు బండివాడితో చెప్పేటప్పుడు దాన్ని ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చారు.

అది డోడో ఎముకని నాకు తెలుసు. ఎగరడం చేతకాని ఆ లావుపాటి పక్షి ఈ దీవిలో తప్ప భూమ్మీద ఎక్కడా ఉండేది కాదు. ఓడలవాళ్ళు దిగాక ఇక్కడా మిగల్లేదు. దాని ఎముకలు తవ్వించిన దొరల పేర్లు పుస్తకాలకెక్కాయి గాని, తవ్విన కూలీల పేర్లు ఎక్కడా లేవు. అద్దాల పెట్టెలో చీటీ మీద, చీమ తలకాయంత అక్షరాల్లోనైనా సరే, నా పేరు చూసుకోవాలని నా ఆశ.

ఎముక ముందే ఇచ్చేస్తే ఎముక ఉంటుంది, నేనుండను. అందుకని దాన్ని మూటగట్టి అటక మీద పెట్టి, ఒట్టి చేతులతో రైలెక్కి పోర్ట్ లూయీ మ్యూజియానికి వెళ్ళాను. అక్కడి దొర నాకు గడ్డం నెరిసేదాకా కూర్చోబెట్టి, చివరికి, "శనివారం నేనే వస్తాను. నిజమైతే చీటీ మీద నీ పేరే" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అటక ఖాళీ. నన్ను పెంచిన మేనత్త తడి జుట్టుతో గుమ్మంలో కూర్చుని ఉంది.

"అత్తా, మూటేదీ?"

"బండోడు సెప్పినాడురా. మనిసెముకేనట కదా. పసుపు రాసి, పంతులుగారి సేత మంత్రాలు సదివించి, లారివియేర్ ఏట్లో కలిపీసినాం. కాకి లేదు గాని పిండం గోరింక ముట్టినాది."

"అయ్యో, అది పిట్టెముక!"

"మూరెడెముక పిట్టకుంటాదేటి?"

"నువ్వు చూశావుగా, జానెడేగా!"

"మిగిల్నాది మట్టి తినీసినాది." ఆవిడ గొంతు తగ్గింది. "ఆ కాలవ తవ్వడానికెళ్ళే మా అయ్య జెరంతో పోనాడు. ఎక్కడ పాతీసినారో ఒక్కడూ సెప్పనేదు. ఇన్నాళ్ళకి దొరికినాడు."

ఆవిడ అయ్య అంటే మా తాత. ఆ ఎముకను మూరెడు చేసిన నాలుక నాదే.

శనివారం దొర వచ్చాడు. నది చూపించాను. ఆయన నీళ్ళకేసి, నాకేసి చూసి, "ముసే సర్దారూ, ఎగరలేని పక్షి ఈదుకుంటూ పోయిందన్నమాట" అని బండెక్కాడు. తర్వాత ఆ మడుగును పాతాళం కనిపించేదాకా తవ్వాను. కప్పలు దొరికాయి.

ఇప్పటికీ ఏటా ఎముక నదిలో కలిపిన రోజున అత్త నన్ను పీట మీద కూర్చోబెడుతుంది. నువ్వులూ నీళ్ళూ వదులుతాను. ఆ పక్షి మా వంశంలో చేరిపోయింది. దాని పెట్టెలో నా పేరు మాత్రం చేరలేదు. పళ్ళు కొరుక్కుంటుంటే పక్కనించి అత్త అంటుంది:

"మొకం అలా పెట్టకురా. తాత సూత్తాడు."