మా గడప దాటిపోయిన కుంకం భరిణె

రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మా ఎదురింటావిడకు ఒకసారి గిన్నె నిండా గోంగూర పచ్చడి ఇచ్చాను. ఆ గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. ఇరుగుపొరుగు గిన్నెను ఉత్తిగా తిరిగి ఇవ్వకూడదు, అడుగున నాలుగు పంచదార పలుకులైనా వేసి ఇవ్వాలి. ఆవిడదీ మా శ్రీకాకుళం వైపే కాబట్టి, పాపం తెలియక చేసిందని సరిపెట్టుకోవడానికి కూడా లేదు. ఆ తరవాత ఆవిడతో ఎన్ని కష్టసుఖాలు పంచుకున్నా ఆ ఖాళీ గిన్నె నాకు గుర్తుంది. మా అత్త మాత్రం దాన్ని ఆ రోజే తేల్చేసింది.

“పచ్చడి రుసిగుంటే గిన్ని నాకేసుంటాది. అందుకే కాళీగా వొచ్చింది. నీ సేతి పచ్చడికి అంతకన్నా ఏటి మరియాద కావాలే?”

అత్త ప్రతిదాన్నీ అలా తేలిగ్గా తీసేసేది. ఆమె బరువుగా తీసుకున్నది ఒక్క ఊపిరినే. ఆమెకు ఉబ్బసం. చలికాలం మబ్బు పట్టినా, పక్కింట్లో బొగ్గుల కుంపటి రాజేసినా గుండెలో పిల్లి కూతలు మొదలయ్యేవి. నా భర్త ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా పని చేస్తూ కామెర్లతో పోయాడు. ఆయన ఉద్యోగానికి బదులుగా నాకు పార్సిల్ ఆఫీసులో పని ఇచ్చారు, క్వార్టరు మాకే ఉంచారు. ఆ రెండు గదుల్లో ఇద్దరం ఉండేవాళ్ళం, కొడుకు పోయిన తల్లి, మొగుడు పోయిన కోడలు. మాలో ఎవరు ఎవరిని చూసుకుంటున్నారో బయటివాళ్ళు చెప్పలేకపోయేవారు. మాకూ తెలిసేది కాదు.

కాలనీ చివరి వరసలో చిన్న డిస్పెన్సరీ ఉండేది. మాలాంటి క్వార్టరులోనే మందుల బీరువా, ఒక మంచం, ఒక బల్ల. అందులో ఉండే నర్సు సిస్టరమ్మది రాయ్‌పూర్ పక్కనే, ధర్సీవా వైపు పల్లె. ఆమెకు తెలుగు రాదు, అత్తకు తెలుగు తప్ప ఏదీ సరిగా రాదు. అయినా అత్త పమిట చెంగుతో మెడ తుడుచుకుంటూ గుమ్మంలో కనిపించగానే సిస్టరమ్మ స్టవ్వు మీద సూది మరగబెట్టేది.

“కా హోగే, దాయీ?” అనేది. ఏమైంది అమ్మా అని.

“ఏటవుద్ది, ఎప్పుడూ అయ్యేదే. నిన్న నువ్వు నేవు గదా, అందుకే ఎక్కువయినాది” అనేది అత్త.

సూది పడ్డాక ఇద్దరూ కాసేపు అలాగే ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకునేవారు. ఒకరి కోడలి గురించి ఇంకొకరికి చెప్పుకుంటున్నారని చేతులు చూస్తే తెలిసేది.

ఒక వర్షాకాలం చివర డిస్పెన్సరీ తలుపు మీద నోటీసు అంటించారు. దాన్ని మూసేస్తున్నారనీ, ఇకమీదట అందరూ యార్డు అవతల ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలనీ దాని సారాంశం. ఆఫీసులో నక్షా చూసినవాళ్ళకు ఆసుపత్రి మాకు ఎదురుగానే ఉన్నట్టు కనపడి ఉంటుంది. మధ్యలో పట్టాలున్నాయి. పట్టాల మీద గూడ్సు బండ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి ఉంటాయి. తిన్నగా వెళ్ళాలంటే బండి డబ్బాల కింద నుంచి దూరి వెళ్ళాలి. దూరనివాళ్ళు రిక్షా కట్టించుకుని రైలు గేటు దగ్గరకు, అదే ఫాటక్ దగ్గరకు, చుట్టు తిరిగి వెళ్ళాలి. ఆ ఫాటక్ ఎప్పుడు తీస్తారో గేటు మనిషికే తెలియదు. కాలనీ ఆడవాళ్ళలో చాలామంది బజారుకు వెళ్ళడానికి దూరేవాళ్ళే. నోటీసుకు ముందే ఒకసారి ఒకావిడ కింద ఉండగా బండి కదిలింది, చెప్పు వదిలేసి బయటపడింది. ఆ చెప్పు గురించి అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పట్టాలు దాటడానికి దారి వేయమని ఆ రోజే అర్జీ రాశాను, దానికి జవాబు రాలేదు.

నోటీసు పడ్డాక డిస్పెన్సరీ మూయొద్దని మళ్ళీ రాశాను. నేనే స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చాను. పెద్ద గుమాస్తా నన్ను కూర్చోమనలేదు. ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అర్జీ మొదటి లైను చదివి, దాని మీద తన టిఫిన్ డబ్బా పెట్టి మూత తీశాడు.

“బాయీ, పార్సిల్ వాళ్ళు పార్సిళ్ళు చూసుకోండి. దవాఖానా సంగతి దవాఖానా వాళ్ళు చూసుకుంటారు” అన్నాడు హిందీలో.

నా అర్జీ మీద నూనె మరక పడింది. బంగాళదుంప కూర. ఇప్పటికీ బంగాళదుంప కూర వండినప్పుడు నాకు ఆ మనిషి గుర్తొస్తాడు.

నోటీసులో చెప్పిన గడువు ఇంకా రాలేదు. ఈలోగా సిస్టరమ్మ ఒకరోజు సెలవు పెట్టింది. సరిగ్గా ఆ రోజే అత్తకు ఊపిరి అందలేదు. రిక్షా పిలిచి ఎక్కించాను. ఫాటక్ వేసి ఉంది. ముందు లారీ, వెనక ఎడ్ల బండి, పక్కన ఎవరో గడ్డి మోపు. అత్త వెనక్కి వాలలేదు. ముందుకు వంగి రెండు చేతులూ నా భుజాల మీద వేసి, నుదురు నా నుదుటికి ఆనించి పీల్చుకుంటోంది. ఆమె ఊపిరి నా ముఖానికి తగులుతోంది, తమలపాకు వాసనతో. నేను కూడా ఆమెతో పాటు లోపలికి పీలుస్తున్నానని కాసేపటికి గాని తెలియలేదు, నేను పీలిస్తే ఆమెకు అందుతుందేమో అన్నట్టు. ఆ గూడ్సు బండికి తోక ఎక్కడుందో. మొత్తానికి ఫాటక్ తీశారు, ఆసుపత్రిలో సూది వేశారు, ఊపిరి సర్దుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు అత్త అంది, “సచ్చిపోతానని బయం నేదు పిల్లా. ఫాటక్ కాడ మాత్తరం సావను. లారీవోలందరూ సూస్తారు.”

మర్నాడు కుళాయి దగ్గర ఆ సంగతే చెప్పాను. ఎదురింటావిడ బిందె పక్కన పెట్టి విన్నది. డిస్పెన్సరీ సామాను అప్పజెప్పించుకోవడానికి ఆఫీసరు ఫలానా రోజు వస్తాడని ఆవిడ భర్త చెప్పాడట. మగవాళ్ళెవరూ నోరెత్తరు, ట్రాన్స్‌ఫర్ భయం.

“ఆడోల్లం ఎల్లి గుమ్మంలో కూకుందాం. మనల్ని ఏటి సేస్తారు? మన్ని ట్రాన్స్‌ఫర్ సేస్తే వొంటిల్లు మారస్తారా?” అంది ఆవిడ.

అందరూ నవ్వారు. ఆ గుంపులో ఉద్యోగం ఉన్న ఆడదాన్ని నేనొక్కదాన్నే. ట్రాన్స్‌ఫర్ అయితే నేనే అవుతాను. ఆ మాట ఎవరికీ తట్టలేదు, నేను గుర్తు చేయలేదు.

“నువ్వు ఇందీలో అర్జీ రాయి. మనుసుల్ని పిలిసే పని నాది” అంది ఎదురింటావిడ నాతో.

అర్జీ రాశాను. ఆ రోజుకు సెలవు పెట్టాను. గంజి పెట్టిన తెల్ల చీర కట్టుకుని, జడ వేసుకుని, పొద్దున్నే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అత్త కూడా మొహం కడుక్కుని తయారైంది.

మా వాళ్ళకు ఆడవాళ్ళను పోగు చేయడానికి తెలిసిన పద్ధతి ఒక్కటే. పేరంటానికి పిలిచినట్టు పిలవాలి. ఇంటింటికీ వెళ్ళి గడపలో నిలబడి, ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి, రమ్మని చెప్పాలి. బొట్టు పెట్టి పిలిచాక రాకపోవడం మర్యాద కాదు. అందుకే ఎదురింటావిడ ఇంకొకావిడను వెంటబెట్టుకుని కుంకం భరిణె పట్టుకుని బయలుదేరింది. ధర్నాకు బొట్టు పెట్టి పిలవడం ఇంకెక్కడా విని ఉండరు. మా కాలనీలో అదే జరిగింది.

భర్త పోయిన ఆడదానికి బొట్టు పెట్టరు. కాబట్టి పేరంటం పిలుపు ఆ ఇంటి ముందు ఆగదు. ఆ చివర నుంచి ఒక్కో గుమ్మం ఎక్కి దిగుతూ వచ్చి, మా పక్కింట్లో బొట్టు పెట్టి, వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకుంటూ మా గుమ్మం ముందు నుంచి నడిచి, ఆ పక్కింటి మెట్టు ఎక్కారు. కాళ్ళకు అలవాటు. ఆవిడ నా వైపు చూసి నవ్వింది కూడా.

కాసేపటికి ఆడవాళ్ళందరూ డిస్పెన్సరీ వైపు వెళ్ళారు. వీధి ఖాళీ అయింది.

“నడు” అంది అత్త.

“పిలవలేదు.”

“మూసేస్తన్నది నా సూదిమందు దవాకానా. పిలిసేదెవులు, పిలిపించుకునేదెవులు?”

“నేను అర్జీలు రాయడానికి పనికొచ్చాను. గుమ్మం ఎక్కడానికి పనికిరాలేదు. నేను రాను.”

“బావుంది. ఆల్లు పిలవనేదని నువ్వు ఎల్లవు. నువ్వు ఎల్లనేదని నాను ఊపిరి మానేస్తాను.”

అత్తకు దగ్గు వచ్చింది. నేను లేచి నీళ్ళిచ్చాను. మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. ఈనాటికీ ఆ రోజు న్యాయం నా వైపే ఉందంటాను.

అంతలో ఎదురింటావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆఫీసరు వచ్చాడట. ఎవరికి కష్టం, ఏమిటి కష్టం అని హిందీలో అడుగుతున్నాడట. ఆడవాళ్ళందరూ ఒకరి వెనక ఒకరు నక్కుతున్నారట. అర్జీ నా దగ్గరే ఉంది. చెప్పుకోవలసిన ఊపిరి కూడా మా ఇంట్లోనే ఉంది.

ఆవిడ గుమ్మం ముందు ఆగిపోయింది. భరిణె ఇంకా చేతిలోనే ఉంది. మూత తెరిచి ఉంది. దాన్ని చూసుకుంది, నన్ను చూసింది, నా నుదురు చూసింది. అప్పుడు తెలిసింది ఆవిడకు. మొహం కందిపోయింది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకుంది.

నేను లేవలేదు. ఒక మాట అందామని గంట నుంచి సిద్ధం చేసుకున్నదంతా నోట్లోనే ఉంది.

లోపలి నుంచి అత్త అంది, “ఆ బరిణి అరుగు మీద ఎట్టేసి లోపలికి రాయే. మనిసిని పిలవడానికి నోరు సాలదేటి, కుంకం కావాలా?”

ఆవిడ భరిణె అరుగు మీద పెట్టింది. రెండు చేతులూ చీరకు తుడుచుకుంది. గడప దాటి లోపలికి వచ్చి, మొదట అత్త చెయ్యి పట్టుకుంది, తరవాత నాది.

“రా వొదినా” అంది. “అమ్మా, నువ్వూ రా.”

అంతే అంది. క్షమించమని అనలేదు. అని ఉంటే నేను ఇంకొంచెం సేపు కూర్చునేదాన్ని.

ఒకవైపు ఆవిడ, ఒకవైపు నేను పట్టుకుని అత్తను నడిపించాం. ఆఫీసరు మర్యాదస్థుడే, తెల్ల ప్యాంటు వేసుకున్నాడు. నేను అర్జీ ఇచ్చి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, చేత్తో అవతలికి చూపించాడు.

“అమ్మా, ఆసుపత్రి అదిగో, కనిపిస్తూనే ఉంది కదా” అన్నాడు హిందీలో.

ఆ ముక్క అత్తకు అర్థమైంది. మమ్మల్ని పట్టుకునే డిస్పెన్సరీ వెనక నుంచి యార్డు వైపు నడిచింది. ఏం చేస్తుందో తెలియక ఆఫీసరు కూడా వెంట వచ్చాడు, ఆయన వెనక కాలనీ ఆడవాళ్ళందరూ వచ్చారు. నిలబడి ఉన్న గూడ్సు బండికి కాస్త ఇవతల కంకర మీద అత్త కూలబడింది. కాసేపు ఊపిరి తీసుకుంది. తరవాత తనకు వచ్చిన హిందీ అంతా పోగు చేసుకుంది.

“సాబ్, పెహ్లే ఆప్ ఘుసో. హమ్ పీఛే ఆతా.”

ముందు మీరు దూరండి, వెనకాల నేను వస్తాను అని. వెటకారం లేదు ఆ గొంతులో. పెద్దమనిషిని ముందు నడవమన్నట్టే అంది.

ఆయన డబ్బాల కిందకు చూశాడు. తన ప్యాంటు చూసుకున్నాడు. ఏదో చెప్పబోతుండగా ఆ చివర ఇంజను కూత వేసింది. లింకులు ఒకదాని తరవాత ఒకటి గుంజుకుంటూ ఆ చప్పుడు మా దగ్గరకు వచ్చి, మమ్మల్ని దాటి వెళ్ళింది. బండి కదిలింది. అందరం వెనక్కి జరిగాం. ఆఫీసరూ జరిగాడు. అత్త మాత్రం ఎప్పుడూ చూసేదే అన్నట్టు కూర్చుని చక్రాలను చూస్తోంది. బండి పూర్తిగా వెళ్ళిపోయాక ఆఫీసరు ప్యాంటు దులుపుకుని వెనక్కి తిరిగాడు.

సామాను ఆ రోజు అప్పజెప్పించుకోలేదు. కొన్నాళ్ళకు కొత్త నోటీసు వచ్చింది. డిస్పెన్సరీ ఉంటుంది, అయితే ఉదయం పూట మాత్రమే. ఉబ్బసానికి ఉదయం, సాయంత్రం తెలుస్తాయా అని నేను మళ్ళీ అర్జీలు మొదలుపెట్టాను. రిటైరయ్యే వరకు రాస్తూనే ఉన్నాను. సాయంత్రం పూట తెరవలేదు. ఇది నేను మరిచిపోయానని ఎవరూ అనుకోకూడదు.

ఎదురింటావిడ ఆ తరవాత ఏ పేరంటానికి బయలుదేరినా మా అరుగు మీద భరిణె పెట్టి, లోపలికి వచ్చి, నోటితో పిలిచి వెళ్ళేది. ఆవిడను చూసి మిగతావాళ్ళూ. మేం ఎప్పుడో గాని వెళ్ళేవాళ్ళం కాదు. గిన్నె సంగతి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మబ్బు పట్టిన ఉదయాల్లో అత్తను డిస్పెన్సరీకి నడిపించుకు వెళ్ళేదాన్ని. మధ్యలో ఆయాసం వస్తే నిలబడేవాళ్ళం. అది చూసి ఒకావిడ గుమ్మం ముందు పీట వేసింది. ఇంకొకరు స్టూలు వేశారు. కొన్నాళ్ళకు చివరి వరస దాకా ప్రతి గుమ్మం ముందూ ఏదో ఒకటి ఉండేది. అత్త అన్నింటి మీదా కూర్చునేది, ఆయాసం ఉన్నా లేకపోయినా. ఒక్కో ఇంట్లో ఒక్కో మాట, ఒక చోట టీ, ఒక చోట తమలపాకు. నాకు ఆఫీసుకు ఆలస్యమయ్యేది.

“ఇప్పుడు బానే ఉంది గదా, ఇక్కడ కూర్చోకపోతే ఏం?” అనేదాన్ని.

“ఆల్లు ఏసినారు. కూకోకపోతే ఏటనుకుంటారు?” అనేది అత్త. “అందరూ నీలాగ గుర్తెట్టుకుంటే ఎలాగ?”

డిస్పెన్సరీ తలుపు దగ్గర సిస్టరమ్మ సూది మరగబెట్టి మా కోసం వీధిలోకి చూస్తూ నిలబడి ఉండేది.